ఇంటికి పూచీ ఎవరు?

ఇల్లు కట్టుట ఎంత కష్టమో చెప్పు సామెత మనకు కలదు. కాని కట్టిన ఇంటికి ఎవరు పూచీ పడవలెనో ఆ సామెత చెప్పదు. ఈ ప్రశ్నకు చరిత్రలో మూడు విధములైన సమాధానములు కానవచ్చుచున్నవి.

కట్టినవాడే పూచీ యనుట మొదటిది. క్రీస్తునకు పూర్వము 18వ శతాబ్దమున బాబిలోనియా నేలిన హమ్మురాబి, గోడ కూలినచో కట్టినవాడే స్వంత ఖర్చుతో తిరిగి కట్టవలెనని శాసించెను. ఇల్లు కూలి యజమాని మరణించినచో వానికి మరణదండనమే. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి ఈ బాధ్యతను పది సంవత్సరములకు నిర్ణయించినది. మన దేశమున 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, ఇల్లు స్వాధీనపరచిన నాటినుండి ఐదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడినచో, తెలిపిన 30 దినములలో బిల్డరు ఉచితముగా సరిచేయవలెను. అయితే సొంత స్థలమున మేస్త్రీ చేత కట్టించుకొన్న ఇంటికి ఈ రక్ష లేదు. మన పల్లెలలోని ఇండ్లు చాలవరకు అట్టివే.

పదిమందియు కలిసి పూచీ పడుట రెండవది. అదియే బీమా. 1666లో లండను నగరము దగ్ధమైన పిమ్మట ఇండ్లకు అగ్ని బీమా పుట్టినది. మన దేశమున 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీ సాధారణ బీమాకు నాంది పలికినది. 1973లో ఈ వ్యాపారము జాతీయమైనది. 2021 ఏప్రిల్ 1 నుండి 'భారత్ గృహ రక్ష' యను ఒకే తీరు పాలసీ అమలులోనికి వచ్చినది. అగ్ని, తుపాను, వరద, భూకంపము ఇందు చేరియున్నవి. అరుగుదల మాత్రము చేరలేదు.

అరుగుదలకే పూచీ అమ్ముట మూడవది. 1971లో అమెరికాలో ఆరంభమైన ఈ పద్ధతిలో, ఏటేటా రుసుము చెల్లించినచో ఇంటి యంత్రములు చెడినపుడు కంపెనీ బాగుచేయించును. మన దుకాణములలో రిఫ్రిజిరేటరుతోపాటు అమ్మజూపు అదనపు వారంటీ దీనికి దగ్గర చుట్టమే.

ఇక మన ఖమ్మము, భద్రాచలము సీమను చూతము. అడవి అంచున కోయవారు కలప, వెదురు, మట్టి, గడ్డితో ఇండ్లు కట్టుకొనిరి. ఇల్లు పడినచో అడవి సామగ్రి నిచ్చెడిది. ఊరు చేయి కలిపెడిది. ఆ ఊరే వారి పూచీ. సిమెంటు, ఇనుము కొని కట్టిన ఇల్లు పడినచో ఊరివారి చేయి ఒక్కటే చాలదు; రొక్కము కావలెను.

గోదావరి సంగతి మనకు తెలియనిది కాదు. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు లేచినది, 1990లో 70.8; 2022 జూలైలో 71.3. అరుదుగా వచ్చును గాని, వచ్చిననాడు గృహస్థుని జీవితకాలపు సంపాదనను ముంచివేయును.

కావున ఏ పూచీ కొనవలెనో నిర్ణయించుటకు ఒక్క ప్రశ్న చాలును: ఈ నష్టమును మనము స్వయముగా భరింపగలమా? కుళాయి చెడుట, మోటారు కాలుట ఏనాటికైనను తప్పవు. వానికై నెలనెలా కొంత విడిగా దాచుకొనుట మేలు. రుసుములో కంపెనీ ఖర్చులు, లాభము కూడ కలిసియుండును గదా! భరింపరాని వరదకు బీమా మేలు. కాని సంతకమునకు ముందు మూడు సంగతులు విచారింపవలెను. మన ఇంటి కట్టడపు రకమును ఉన్నదున్నట్లు వ్రాసిరా? పాలసీ మొత్తము నేటి నిర్మాణవ్యయమునకు సరిపోవునా? ఏ నష్టములు మినహాయింపబడినవి? నేల విలువ ఆ లెక్కలో చేరదని గుర్తుంచుకొనవలెను.

నది మొదటి హెచ్చరిక దాటిన పిదప కాక, ఎండకాలముననే ఈ విచారణ సాగించుట గృహస్థులకు క్షేమము.