పూర్వజన్మ జ్ఞాపకాలు: పరిశోధన చరిత్ర

మూడు నాలుగేండ్ల బిడ్డ ఒకనాడు "మా ఇల్లు ఇది కాదు, మా ఊరు వేరు" అంటుంది. పెద్దలు ఆ ఊరు వెదుకుతారు. చనిపోయిన వారెవరి సంగతో సరిపోతుంది. ఇట్టి ఉదంతాలను పరీక్షించేవారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: బిడ్డ మాటలను వ్రాసిపెట్టినది ఎప్పుడు? రెండు కుటుంబాలు కలుసుకొన్న పిమ్మట, బిడ్డ ముందు చెప్పినదీ పెద్దలు తరువాత తెలుసుకొన్నదీ కలగలిసిపోతవి. ఇందుకు ఎవరూ అబద్ధమాడనక్కరలేదు.

ఈ జాగ్రత్తను తొలుత పాటించినవారిలో బరేలీ న్యాయవాది సహాయ్ ఒకరు. 1926లో ఆయన కుమారుడు కాశీలో తన పూర్వపు ఇంటిని గురించి చెప్పసాగాడు. సహాయ్ అక్కడ విచారించకముందే ఆ మాటలను పత్రికలో ప్రకటించి, నిజానిజాలు తెలుపవలసినదిగా పాఠకులను కోరినారు.

ఢిల్లీ బాలిక శాంతిదేవి ఉదంతం ఇంతకంటె ప్రసిద్ధమైనది. 1935లో ఒక సంఘం ఆమెను మథురకు తీసుకొనిపోయింది. కాని ఆమె చెప్పిన "భర్త" అప్పటికే ఢిల్లీ వచ్చి ఆమెను చూచి వెళ్ళినాడు.

క్రమమైన పరిశోధన అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్‌తో (1918–2007) ఆరంభమైనది. 1960లో ఆయన అంతకుముందు ప్రకటితమైన 44 ఉదంతాలను సమీక్షించి, 1961లో మన దేశానికీ సింహళానికీ వచ్చినారు. ఆయనా, సహచరులూ సేకరించినవి సుమారు 2,500. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో సత్వంత్ పస్రీచా ఈ కృషిని సాగించినారు. సాధారణంగా పిల్లలు రెండు నాలుగేండ్ల మధ్య ఈ మాటలు మొదలుపెట్టి, ఐదు ఎనిమిదేండ్ల మధ్య మానివేస్తారని తేలింది.

అయితే విచారణకు ముందే వ్రాసిపెట్టినవి ఈ రాశిలో బహుకొద్ది. 1998లో స్టీవెన్‌సన్, స్కౌటెన్ కలిసి భారత, శ్రీలంక ఉదంతాలలో ముందు వ్రాసిన 21నీ, తరువాత వ్రాసిన 82నీ పోల్చినారు. సరిపోయిన మాటలు మొదటి వర్గంలో నూటికి సుమారు 77, రెండవ దానిలో 78. అనగా, పెద్దల జ్ఞాపకాల కలగలుపు ఒక్కటే ఈ పోలికలకు కారణమని చెప్పుటకు వీలు లేకపోయినది.

కాని ముందు వ్రాత తొలగించేది ఆ ఒక్క దోషాన్నే. బిడ్డ ఎక్కడైనా విన్నదా, సరిపోయే మృతుని పెద్దలే ఏరుకొన్నారా, సరిపోని ఉదంతాలు వెలుగులోకి రాలేదా అనే సందేహాలు అట్లే నిలిచినవి. జ్ఞాపకం ఒక మెదడునుండి మరొక మెదడుకు చేరే మార్గమేదీ శాస్త్రానికి తెలియదు. కనుక శాస్త్రలోకం దీనిని పునర్జన్మకు రుజువుగా అంగీకరించలేదు.

ఏ ఇంట్లోనైనా బిడ్డ ఇట్లా మాట్లాడితే, తేదీ వేసి ఆ మాటలను ఉన్నవున్నట్లు వ్రాసిపెట్టుట మంచిది. ప్రశ్నలతో వేధించరాదు, మాటలు అందించరాదు. ఊరు వెదకుటకు తొందర అసలే లేదు.