ప్రయాణ సాధనములలో స్త్రీల రక్షణ: ప్రత్యేక పెట్టె నుండి సిబ్బంది బాధ్యత వరకు

స్వస్థలమును వీడి పరప్రాంతములలో స్థిరపడిన జనుల చరిత్రలో రాకపోకల చరిత్ర ముఖ్యభాగము. షోలాపురపు నేతగాండ్రకును, బొంబాయి కామాఠీపురమునకు తమ పేరు నిచ్చిన కామాఠీలకును, బరంపురము, చెన్నపట్నము, బెంగుళూరులలోని తెలుగు కుటుంబములకును పుట్టినింటికి, మెట్టినింటికి నడుమ రైలు, బస్సులే వారధులైనవి. పురుషునకు ప్రయాణమన్న ఖర్చును, శ్రమయును మాత్రమే. స్త్రీకి వానితోపాటు భయము కూడ. ఆ భయమును తొలగించుటకై చట్టము నడచిన త్రోవలో రెండు మజిలీలు కానవచ్చును. మొదటిది స్త్రీకి వేరుగా చోటు చూపుట. రెండవది వాహనమును నడుపువారిపై బాధ్యత నుంచుట.

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకును, 1856 జూలై 1న చెన్నపట్నపు రాయపురము నుండి వాలాజా రోడ్డుకును రైళ్లు నడచెను. అంతవరకు బండి కట్టించుకొని బంధువులతో ప్రయాణము చేసిన స్త్రీకి, అపరిచితుల నడుమ గంటల తరబడి కూర్చుండవలసిన స్థితి అప్పుడేర్పడినది. 1890 నాటి రైల్వే చట్టము 64వ సెక్షను దీనికి పరిష్కారము చూపెను. 1891 జనవరి 1 మొదలు ప్రతి ప్రయాణికుల రైలునందును కడపటి తరగతిలో కనీసమొక గది స్త్రీలకే ప్రత్యేకింపవలెను. రైలు 50 మైళ్లకు మించి పోవునదైనచో ఆ గదికి మరుగుదొడ్డి ఉండవలెను. తెలిసియు అందు ప్రవేశించిన పురుషునకు 119వ సెక్షను 100 రూపాయల వరకు జరిమానా విధించెను. కలిగినవారు పై తరగతులలో తమ ఏర్పాటు తాము చేసికొనగలరు. చట్టము కడపటి తరగతిని పేర్కొనుట వలన కూలినాలి చేసికొను స్త్రీకి ఆ రక్షణ దక్కెను. 1989 నాటి నూతన రైల్వే చట్టము కూడ 58, 162 సెక్షనులలో ఈ ఏర్పాటును నిలిపినది. మగతోడు లేని స్త్రీని, టిక్కెట్టు లేకున్నను, రాత్రివేళ నడిదారి స్టేషనులో దింపివేయరాదని 139వ సెక్షను నిర్దేశించును. బొంబాయిలో 1992 మే 5న చర్చిగేటు, బోరివిలీల నడుమ ఒక రైలంతయు స్త్రీలకే కేటాయింపబడెను.

అయినను ఈ రక్షణ పెట్టె తలుపుతోనే ముగియును. ప్లాట్‌ఫారముపై నిలుచునప్పుడు, వీధిలో నడచునప్పుడు అది తోడు రాదు. ట్రాములలోను, బస్సులలోను గోడ కట్టుటయే సాధ్యము కాదు. చెన్నపట్నమున 1895లో మొదలై 1953 వరకు నడచిన ట్రాములకును, వాని వెనుక వచ్చిన బస్సులకును ఇదే చిక్కు. స్త్రీల సీట్లని పలక వ్రాసినను, రద్దీలో నిలుచున్న స్త్రీకి ఆ పలక అక్కరకు రాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 354, 509 సెక్షనులు ఉన్నను, లోకము ఈ నేరమును నేరముగా చూడలేదు. ‘ఈవ్ టీజింగ్’ అని ఇంగ్లీషున, ‘ఆకతాయి చేష్ట’ అని తెలుగున పిలిచి, దౌర్జన్యమును పరిహాసముగా తేల్చివేసిరి.

1998 జూలైలో చెన్నపట్నమున ఆటోరిక్షాలో వచ్చిన యువకుల ఆగడమునకు ఒక కళాశాల విద్యార్థిని బలియయ్యెను. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, ఆ యేడే దానిని చట్టము చేసెను. పరిహాసపు పేరుతో పుట్టిన ఆ చట్టము తరువాత ‘స్త్రీల వేధింపు నిషేధ చట్టము’ అను తగిన పేరు పొందినది. 2025లో అందలి శిక్షలను పెంచిరి. ఆ చట్టమునందలి ముఖ్యాంశము మరియొకటి కలదు. వాహనములో వేధింపు జరిగి, బాధితురాలు ఫిర్యాదు చేసినచో, సిబ్బంది ఆ వాహనమును సమీప పోలీసు స్టేషనునకు మరల్చి సమాచారమీయవలెను. అంతవరకు డ్రైవరు, కండక్టరులు చూచి ఊరకుండినను అడుగువారు లేరు. ఇప్పుడు ఊరకుండుటయే తప్పైనది.

చట్టము వచ్చిన మరుసటి యేడు, 1999 జూలైలో, తెన్కాశి బస్టాండులో ఒక వివాహితను వేధించినవాడు స్వయముగా పోలీసువాడే. సాక్ష్యము నిలువనందున క్రిమినలు కోర్టు అతనిని విడిచిపెట్టెను. శాఖ మాత్రము ఉద్యోగము నుండి తొలగించెను. ఆ తొలగింపు సరియేనని 2012 నవంబరు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, అన్ని రాష్ట్రములకును కేంద్రపాలిత ప్రాంతములకును ఆదేశములిచ్చెను. బస్టాండులలోను, రైల్వే స్టేషనులలోను మామూలు దుస్తులలో మహిళా పోలీసులుండవలెను, కెమెరాలమర్చవలెను, ఫిర్యాదు వచ్చినప్పుడు వాహనమును స్టేషనునకు తీసికొనిపోనిచో పర్మిటు రద్దు చేయవలెను. తమిళనాటి చట్టము వర్తింపనిదియు, రైలుమార్గము లేనిదియు నగు యానాము వంటి చోట్లకును ఈ ఆదేశములు వర్తించును. పదునారు దినములకే, డిసెంబరు 16న, ఢిల్లీలో నడుచు బస్సులోనే ఘోరము జరిగెను. ఆ బస్సు సిబ్బందియే నేరస్థులైరి. 2013లో శిక్షాస్మృతికి చేరిన లైంగిక వేధింపు, వెంటాడుట అను నేరములు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 75, 78 సెక్షనులైనవి.

తమిళనాట 2021 నుండి, కర్ణాటక, తెలంగాణలలో 2023 నుండి, ఆంధ్రప్రదేశమున 2025 నుండి ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. టిక్కెట్టు వెలతో పాటు భయము కూడ తొలగినప్పుడే అది పూర్ణఫలమిచ్చును. కండక్టరు బాధ్యత బాధితురాలి ఫిర్యాదుతో మొదలగును. ఫిర్యాదునకు భాష కావలెను. తరతరములుగా స్థిరపడిన ఇంటి ఆడపడుచులకు స్థానిక భాష కొట్టినపిండి. కొత్త కోడలుగానో, పనికొరకో నిన్నమొన్న వచ్చిన తెలుగు స్త్రీకి ఆ బలము లేదు. కనుక తెలుగు సంఘములును, అల్పసంఖ్యాక భాషా పాఠశాలలును పూనవలసిన పని యొకటి కలదు. ‘బస్సును పోలీసు స్టేషనునకు పోనిండు’ అను ఒక్క వాక్యమును స్థానిక భాషలో ప్రతి బాలికకును నేర్పవలెను. రైలులో 139, ఆపదలో 112, స్త్రీల సహాయమునకు 181 అను అంకెలను ఎక్కములవలె కంఠస్థము చేయింపవలెను. బాలురకు, బస్సులో ఒక స్త్రీ గొంతెత్తినప్పుడు ఆమె పక్షమున లేచి నిలుచుట నేర్పవలెను. చట్టము సిబ్బందికి విధించిన బాధ్యత అప్పుడే తోడి ప్రయాణికులకును అలవాటగును.