లైమ్ వ్యాధి నిర్ధారణలో సీడీ57 పరీక్ష: శాస్త్రీయ ఆధారాలు ఎంతవరకు?

లైమ్ వ్యాధికి చికిత్స పూర్తయిన తరువాత కూడా కొందరిని అలసట, ఒళ్లునొప్పులు, ఏకాగ్రత లోపం నెలల తరబడి వేధిస్తాయి. శరీరంలో బాక్టీరియా ఇంకా మిగిలి ఉందని తేల్చేందుకు అమెరికాలో కొందరు వైద్యులు ‘సీడీ57’ అనే రక్తపరీక్ష చేయిస్తున్నారు. లైమ్ నిర్ధారణకు ఈ పరీక్షను ఆ దేశ వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు (సీడీసీ) సిఫారసు చేయడం లేదు.

వ్యాధి నేపథ్యం

జింకలు, ఎలుకల వంటి జంతువులను పట్టి రక్తం పీల్చే ఒక రకం పిడుదులు కుట్టినప్పుడు ‘బొరేలియా బర్గ్‌డార్ఫెరీ’ అనే బాక్టీరియా మనుషులకు సోకుతుంది. కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ పట్టణం పేరు మీదుగా వ్యాధికి ఈ పేరు వచ్చింది. విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం ఈ బాక్టీరియాను కనుగొన్నట్లు 1982లో ప్రకటించింది. రక్తంలోని ప్రతిరక్షకాలను రెండు దశల్లో పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు.

పరీక్ష ఏం కొలుస్తుంది?

రోగనిరోధక వ్యవస్థలోని సహజ హంతక కణాల్లో కొన్నింటి ఉపరితలంపై సీడీ57 అనే గుర్తు ఉంటుంది. ఫ్లో సైటోమెట్రీ పద్ధతిలో ఆ కణాలను లెక్కిస్తారు. దీర్ఘకాలిక లైమ్ ఉన్నవారిలో వీటి సంఖ్య తక్కువగా ఉందని స్ట్రికర్, వింగర్ అనే వైద్యులు 2001లో ప్రచురించారు. పరీక్షకు ఆదరణ పెరగడానికి ఇదే మూలం.

2009లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ప్రచురించిన ఫలితం ఇందుకు భిన్నంగా ఉంది. చికిత్స తరువాతా లక్షణాలున్నవారు, పూర్తిగా కోలుకున్నవారు, ఆరోగ్యవంతుల మధ్య ఈ కణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వయసు, ఇతర వైరస్‌ల ప్రభావం వల్ల కూడా ఈ సంఖ్య మారుతుంది. కనుక సంఖ్య తగ్గినంత మాత్రాన లైమ్ ఉన్నట్లు కాదు. సాధారణంగా ఉన్నంత మాత్రాన లేనట్లూ కాదు.

పొరపాటుకు మూల్యం

ఈ అంకెను నమ్మి నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడితే ప్రమాదం తప్పదు. 90 రోజుల యాంటీబయాటిక్ చికిత్స, ఔషధ గుణం లేని ప్లాసిబో కంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదని 2001లో వెలువడిన క్లినికల్ పరీక్షలు తెలిపాయి. దీర్ఘకాలిక లైమ్ పేరిట చికిత్స పొందుతూ తీవ్ర బాక్టీరియా ఇన్ఫెక్షన్లకు గురైన 5 ఉదంతాలను సీడీసీ 2017లో వివరించింది. వీటిలో మరణం కూడా సంభవించింది.

బాధితుల లక్షణాలు వాస్తవమే. వైద్యులు వీటిని ‘చికిత్సానంతర లైమ్ లక్షణాలు’గా పరిగణిస్తున్నారు. అయితే థైరాయిడ్ లోపం, నిద్ర రుగ్మతలు, ఇతర కీళ్లవ్యాధుల్లోనూ ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి. ఒక్క కణాల లెక్కతో లైమ్ అని నిర్ణయించుకుంటే అసలు వ్యాధి గుర్తింపు ఆలస్యమయ్యే అవకాశం ఉంది.