మంగళంపల్లి బాలమురళీకృష్ణ

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (జులై 6, 1930 - నవంబరు 22, 2016) సుప్రసిద్ధ కర్ణాటక సంగీత విద్వాంసుడు, వాగ్గేయకారుడు. సాహిత్యాన్ని, దానికి తగిన సంగీతాన్ని తానే కూర్చి పాడే వ్యక్తిని వాగ్గేయకారుడని అంటారు. ఈయన తెలుగు, సంస్కృతం, తమిళ భాషలలో నాలుగు వందలకు పైగా రచనలు చేశాడు. గాత్రంతో పాటు వయోలా, వయొలిన్, మృదంగం, కంజీర వాద్యాలలోనూ ప్రావీణ్యం గలవాడు. భద్రాచల రామదాసు కీర్తనలను కచేరీ వేదికలకు, ఆకాశవాణి ద్వారా సామాన్య శ్రోతలకు చేరువ చేసినవారిలో ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

బాలమురళీకృష్ణ తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తం గ్రామంలో జన్మించాడు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ గ్రామం కోనసీమ జిల్లాలో ఉంది. తండ్రి పట్టాభిరామయ్య సంగీత విద్వాంసుడు. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. పసితనంలోనే తల్లి మరణించడంతో ఈయన తండ్రి సంరక్షణలో పెరిగాడు.

కుమారుని స్వరజ్ఞానాన్ని గుర్తించిన తండ్రి విజయవాడలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిష్యునిగా చేర్చాడు. పంతులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి శిష్యుడు. శాస్త్రి త్యాగరాజు శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య శిష్యుడు. ఈ విధంగా బాలమురళి త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవాడు. అసలు పేరు మురళీకృష్ణ కాగా, బాల్యంలోనే పూర్తిస్థాయి కచేరీ చేసిన ఈ బాలుని ప్రతిభకు ముగ్ధుడై హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ పేరుకు ముందు 'బాల' అని చేర్చాడు.

మేళకర్త కృతులు

కర్ణాటక సంగీతంలో సప్తస్వరాల భేదాలను బట్టి 72 మేళకర్త రాగాలు ఏర్పడతాయి. పదిహేడవ శతాబ్దంలో వేంకటమఖి తన చతుర్దండీ ప్రకాశిక గ్రంథంలో ఈ విభాగానికి శాస్త్రీయ రూపమిచ్చాడు. వీటిలో 40 మేళాలు వివాది స్వరాలు గలవి. పక్కపక్కనే ఉండే స్వరాలను శ్రుతిశుద్ధంగా పలికించడం కష్టం కనుక వీటిని కచేరీలలో అరుదుగా పాడుతారు. బాలమురళి యౌవనారంభంలోనే 72 మేళకర్తలలోనూ కృతులు రచించాడు. ఈ సంపుటి 1952లో 'జనకరాగ మంజరి' పేరుతో వెలువడింది. తరువాత 'రాగాంగ రావళి' పేరిట ధ్వనిముద్రణగా వచ్చింది. రచనలలో ఈయన ముద్ర 'మురళి'.

కొత్త రాగాలు, వివాదం

సాధారణంగా రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలని శాస్త్రం చెబుతుంది. అటువంటి రాగాన్ని ఔడవమంటారు. బాలమురళి ఈ పరిమితిని దాటి నాలుగు స్వరాలతోనే రాగాలు కల్పించాడు. వాటిలో కొన్ని:

మహతి: స, గ, ప, ని
లవంగి: స, రి, మ, ధ
సుముఖం: స, రి, మ, ని

మూడు స్వరాలతో సర్వశ్రీ వంటి రాగాలను కూడా రూపొందించాడు. ఈ ప్రయోగాలకు సంగీతలోకంలో ప్రశంసలతో పాటు తీవ్ర విమర్శలూ ఎదురయ్యాయి. ప్రముఖ వైణికుడు ఎస్. బాలచందర్ వీటిని బహిరంగంగా ప్రశ్నించాడు. స్వరాల అమరికను చూపినంత మాత్రాన రాగం సిద్ధించదనీ, దానికి గమకసంపద, సంచారాలు, తరతరాల వాడుక అవసరమనీ సంప్రదాయవాదుల అభిప్రాయం. తక్కువ స్వరాలతోనూ భావాన్ని విస్తరించవచ్చని పాడి చూపడమే బాలమురళి సమాధానం. మహతి రాగం చలనచిత్ర సంగీతంలోకీ ప్రవేశించింది. 1975లో వచ్చిన తమిళ చిత్రం 'అపూర్వ రాగంగళ్'లో ఎం.ఎస్. విశ్వనాథన్ ఈ రాగంలో ఒక పాటను స్వరపరిచాడు.

తాళంలోనూ ఈయన ప్రయోగాలు చేశాడు. తాళంలోని దెబ్బలకు గతిభేదాన్ని వర్తింపజేసి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అనే పద్ధతులను ప్రవేశపెట్టాడు. ఈయన తిల్లానాలు, ముఖ్యంగా కదనకుతూహల రాగ తిల్లానా, నృత్యప్రదర్శనలలోనూ ప్రసిద్ధికెక్కాయి.

రామదాసు కీర్తనలు

ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న భద్రాచలంలో రామాలయాన్ని నిర్మించి, గోల్కొండ చెరలో గడిపి, భక్త రామదాసుగా ప్రసిద్ధుడయ్యాడు. ఆయన కీర్తనలు స్వరలిపితో గాక ప్రధానంగా భజన సంప్రదాయం ద్వారా నిలిచాయి. పాశ్చాత్య దేశాలలో బాక్, బీథోవెన్ వంటి జర్మన్ స్వరకర్తలు తమ సంగీతాన్ని స్వరలిపిలో రాసి ఉంచారు. కనుక వారి రచనలను నేటికీ దాదాపు యథాతథంగా వాయించవచ్చు. కంఠస్థంగా వచ్చిన కీర్తనకు ఆ సౌకర్యం లేదు. అందువల్ల పాడేవారి బాధ్యత ఎక్కువ. పదం విరగకుండా, భక్తిభావం చెడకుండా బాలమురళి పాడిన తీరు వల్ల 'పలుకే బంగారమాయెనా' వంటి కీర్తనలు సంగీతం నేర్వనివారికీ కంఠస్థమయ్యాయి.

ఇతర రంగాలు

విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో పనిచేసిన కాలంలో 'భక్తిరంజని' కార్యక్రమానికి ఈయన చేసిన సేవ చిరస్మరణీయం. విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యుడు. అనంతరం మద్రాసులో స్థిరపడ్డాడు. 1967లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' చిత్రంలో నారదుని పాత్ర ధరించాడు. 'గుప్పెడు మనసు' (1979) చిత్రంలో ఈయన పాడిన 'మౌనమే నీ భాష' పాట ఎంతో ప్రజాదరణ పొందింది. హిందూస్థానీ విద్వాంసులైన భీమ్‌సేన్ జోషి, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి జుగల్‌బందీ కచేరీలు చేశాడు.

పురస్కారాలు

1971 - పద్మశ్రీ
1975 - సంగీత నాటక అకాడమీ పురస్కారం
1975 - ఉత్తమ నేపథ్య గాయకునిగా జాతీయ చలనచిత్ర పురస్కారం (కన్నడ చిత్రం 'హంసగీతె')
1978 - మద్రాసు సంగీత అకాడమీ వారి 'సంగీత కళానిధి'
1986 - ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ చలనచిత్ర పురస్కారం (కన్నడ చిత్రం 'మధ్వాచార్య')
1991 - పద్మవిభూషణ్
2005 - ఫ్రాన్స్ ప్రభుత్వం వారి 'షెవాలియర్' గౌరవం

మరణం

బాలమురళీకృష్ణ 2016 నవంబరు 22న చెన్నైలో తన 86వ ఏట మరణించాడు. ఈయన కల్పించిన రాగాలలో మహతి, లవంగి రాగాలను తరువాతి తరం గాయకులు కూడా కచేరీలలో ఆలపిస్తున్నారు.