చెన్నపురిలో నూతన కళాకారులు: వెలుగులోనికి వచ్చిన త్రోవలు

మన కళాచరిత్రలలో ఒక వాక్యము తఱచుగ కనిపించుచుండును. ఫలాని గాయకుని ఫలాని పెద్దలు కనుగొనిరనియో, ఫలాని కవి ప్రతిభను ఫలాని సంపాదకులు మొట్టమొదట గుర్తించిరనియో ఆ వాక్యము చెప్పును. అందు సత్యము లేకపోలేదు. కృతజ్ఞతయు కలదు. కాని చరిత్రకారునకు అది చాలదు. పల్లెలో ఒక బాలుడు చక్కగ పద్యము చదివినచో సాయంకాలమునకే ఆ సంగతి ఊరందఱకును తెలియును. సంస్థానములలో ఆస్థానకవియో, దివానుగారో క్రొత్తవానిని ప్రభువు సముఖమునకు తోడ్కొనిపోవుచుండిరి. నగరమున అట్లు కాదు. అచట ప్రక్కవాటాలో ఉండువాడెవడో తెలియదు. కావున నగరమున క్రొత్తవానిని వెలికితీయుటకు ఒక్క సహృదయుని చూపు చాలదు. టపా కావలెను, ముద్రాశాల కావలెను, ధ్వనిగ్రాహక యంత్రము కావలెను, ఛాయాయంత్రము కావలెను. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున తెలుగువారికి ఇవన్నియు ఒకచోట సమకూడిన నగరము చెన్నపురి. ఆ నగరమున ఇవి క్రొత్తవారి నెట్లు ఎన్నుకొన్నవో, ఎవరి పేరు నిలిపినవో, ఎవరి పేరు మఱుగుపఱచినవో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట చెప్పవలసినవారు రఘుపతి వెంకయ్యగారు (1869-1941). బందరునుండి చెన్నపురి చేరి ఛాయాచిత్రశాల నడపుచుండిన ఈయన, 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి ప్రదర్శనము లిచ్చిరి. 1914లో గెయిటీ నాటకశాలను చలనచిత్రములకొఱకు నిర్మించిరి. వారి కుమారుడు ప్రకాశ్ 1921లో భీష్మప్రతిజ్ఞను తీసెను. తెలుగువారి చలనచిత్రము నాటకరంగమునుండి పుట్టినదని వాడుకగ చెప్పుదురు. మాటలచిత్రముల విషయమున అది నిజమే. కాని అంతకుముందే ఛాయాచిత్రకారుని దుకాణమునుండి తెరకు ఒక త్రోవ పడియుండెననుట మఱువరాదు.

కవిత్వమునకు త్రోవ పత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగ ప్రారంభించి, 1914లో చెన్నపురిలో దానిని దినపత్రికగ నెలకొల్పిరి. 1924లో భారతి మాసపత్రికను స్థాపించిరి. ఊరుపేరు లేని యువకుడు ఒక ఖండకావ్యమును కవరులో పెట్టి చెన్నపురికి పంపుట, నెలలకొలది ఎదురుచూచుట, అచ్చుపడిననాడు కవియగుట, ఇది ఆ తరమువారికి సామాన్యానుభవము. 1935లో ముద్దుకృష్ణగారు వైతాళికులు అను సంకలనమున నవ్యకవులను ఒకచోట చేర్చుటతో, చెల్లాచెదరుగ నున్న పేర్లు ఒక తరముగ కనిపించినవి. సంకలనకర్త పని ఇట్టిది. ఆయన ఒక్కొక్క కవిని క్రొత్తగ కనుగొనలేదు. వారి మధ్యనున్న సంబంధమును కనుగొనెను.

అయితే పత్రికలో అచ్చగుట వేఱు, గ్రంథమగుట వేఱు. శ్రీశ్రీగారి మహాప్రస్థాన గీతములు 1933 మొదలుకొని వెలువడుచుండినను, అవి పుస్తకమై వచ్చినది 1950లో. ఈ మధ్యకాలమున ఆ గీతములు పత్రికలయందును, నోటి మాటగను సంచరించినవి. ఆ కవియో ఉదరపోషణార్థమై పత్రికాకార్యాలయమున ఉపసంపాదకత్వము వహించెను. పుస్తకము వచ్చిన సంవత్సరముననే ఆయన ఆహుతి అను అనువాదచిత్రమునకు మాటలు, పాటలు వ్రాసెను. ఈ రెండును ఒకే సంవత్సరమున జరుగుట కాకతాళీయము కావచ్చును. కాని నగరమున కవి బ్రతుకుతెరువు ఏ దిక్కునకు తిరుగుచుండెనో అది తెలుపును.

1938 జూన్ 16న మదరాసు రేడియో కేంద్రము ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలయువఱకు కోస్తా, రాయలసీమ శ్రోతలకు అదియే ప్రధానాధారము. రేడియో తెచ్చిన మార్పు కేవలము దూరమునకు సంబంధించినది కాదు. నాటకరంగమున కడపటి వరుసవఱకు వినవచ్చునట్లు గొంతెత్తగలవాడే గాయకుడు. ధ్వనిగ్రాహకము ముందు సన్నని గొంతు, మెల్లని పలుకు, ఊపిరి విరుపు సైతము వినవచ్చును. రంగస్థలము త్రోసిపుచ్చిన గొంతులను యంత్రము ఆదరించినది. రావు బాలసరస్వతీదేవిగారి వంటి మృదుకంఠములు, సాలూరు రాజేశ్వరరావుగారి భావగీతముల బాణీలు గ్రామఫోను రికార్డులయందును, రేడియోయందును ప్రాచుర్యము పొందుటకు ఇది ముఖ్యకారణము. లలితసంగీతమను పేరుతో మనము నేడు వ్యవహరించు ప్రక్రియ చాలవఱకు ఈ యంత్రము ఎన్నిక చేసిన సంగీతమే.

ఈ త్రోవలన్నియు కలిసిన కూడలి ఏదియని అడిగినచో నేను 1945 నాటి స్వర్గసీమను చూపుదును. బి. ఎన్. రెడ్డిగారి ఈ చిత్రమున ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. ఆయన సిలోనులో జన్మించి, బొంబాయిలో వార్తాపత్రిక ఛాయాచిత్రకారుడుగ పనిచేసి చెన్నపురి చేరినవాడు. వీథిలో జరుగునది జరుగునట్లు పట్టుకొనుట వార్తాచిత్రకారుని విద్య. వెన్నెలను, నీడను కావలసినట్లు కల్పించుట స్టూడియో విద్య. ఈ రెండును ఒక చేతిలో కలిసిన ఫలము తరువాత పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రములయందు అందఱును చూచిరి. స్వర్గసీమలోనే ఒక యువకుడు భానుమతిగారితో కలిసి నేపథ్యగానము చేసెను. విజయనగరము సంగీత కళాశాలలో చదివి, 1942 ఉద్యమమున కారాగారవాస మనుభవించి, సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో పట్నము చేరిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారే ఆ యువకుడు. అంతకుముందు ఆయన సీతారామజననము (1944) చిత్రమున గుంపులో పాడియుండెను. గుంపుగొంతునుండి ఒంటిగొంతునకు ఒక్క సంవత్సరము పట్టినది. ఆఱు సంవత్సరములకు పాతాళభైరవిలో ఆయన సంగీతకర్త, బార్ట్లీ ఛాయాగ్రాహకుడు.

సముద్రాలవారు ఘంటసాలను కనుగొనిరని చెప్పుటలో దోషము లేదు. కాని పత్రిక, రేడియో, సంగీతకళాశాల, నాటకరంగము వేఱువేఱుగ తయారుచేసిన మనుష్యులను ఒక్క స్టూడియో కప్పు క్రిందికి చేర్చు ఏర్పాటు లేకున్నచో, ఆ ప్రోత్సాహము ఒక ఉత్తరముతోనే ముగిసియుండెడిది.

స్వర్గసీమకు సంబంధించి మఱియొక విషయము కలదు. దీనిని పరిశోధక విద్యార్థులు ప్రత్యేకముగ గమనింపవలెను. భానుమతిగారికి దేశమెల్ల పేరుతెచ్చిన పావురము పాటను రూపొందించినవారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920-2018). వారు 1941 నుండి మదరాసు రేడియోలో ఉద్యోగులు. ప్రభుత్వోద్యోగి కావున స్వనామముతో సినిమాలకు పనిచేయుటకు వీలులేకుండెను. 1946 నాటి గృహప్రవేశము చిత్రమునకు సంగీతకర్తగ వారి సోదరులు నళినీకాంతరావుగారి పేరు కనిపించును. చూడుడు. రేడియో ఒక చేత కళాకారుని వెలికితీసినది. ఉద్యోగ నిబంధన మఱియొక చేత ఆ పేరును మూసినది. శాసన పరిశోధకుడు కూటశాసనమును శంకించునట్లు, మనము తెరపై వేసిన పేర్లను సైతము శంకింపవలసియున్నది. పేర్లపట్టికను అట్లే ఎత్తివ్రాసి దానినే ఆధారమని చూపు పద్ధతి మన సిద్ధాంతవ్యాసములలో ప్రబలుచున్నది. అది నిజముగ పనిచేసినవానికి అన్యాయము. పాతపత్రికలలోని ఛాయాచిత్రముల స్థితి ఇంకను శోచనీయము. చిత్రములోని ప్రముఖుని పేరు క్రింద అచ్చువేయుదురు. తీసినవాని పేరు చాలచోట్ల ఉండదు. కవికి సంతకము కలదు, గాయకునకు రికార్డుపై కాగితము కలదు. ఛాయాచిత్రకారునకు ఏమియు లేదు.

బాలుర విషయమును సంక్షేపముగ చెప్పి ముందునకు పోయెదను. రేడియో అన్నయ్యగ ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు బాలానందమును నడపుటయే కాక 1945లో బాల అను పత్రికను స్థాపించిరి. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథయు, బాపుగారి తొలినాటి బొమ్మలును అందు వెలువడినవి. వారిద్దఱును కలిసి సాక్షి చిత్రమును తెరకెక్కించినది 1967లో. ఇరువదిరెండు సంవత్సరములు! మొలకను చూచినవారికి చెట్టును చూచు ఓపికయు ఉండెననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

1950ల తరువాత మఱియొక పద్ధతి ప్రబలినది. అది పాటలపోటీ. ఎస్. జానకిగారు 1956లో రేడియో నడపిన పోటీలో బహుమతి పొంది, 1957లో సినిమాలలో పాడసాగిరి. కొన్ని సంవత్సరములకు గూడూరులో ఒక పోటీసభకు ఆమెయే అతిథిగ వెళ్లి, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యమను విద్యార్థి గానము విని మెచ్చుకొనిరి. 1964లో చెన్నపురి తెలుగు సాంస్కృతిక సంస్థ యొకటి జరిపిన పోటీలో ఆయనకు ప్రథమ బహుమతి లభించినది, ఎస్. పి. కోదండపాణిగారు పాడించిన మర్యాదరామన్న 1967లో విడుదలయైనది. నిన్న పోటీలో నెగ్గినవారు నేడు క్రొత్తవారిని ఎన్నుట ఇచట చూడదగినది. సముద్రాలవారివలె ఎఱిగినవాని చేయిపట్టి తెచ్చుట కాదిది. ఎఱుగనివానికిని తలుపు తెఱచు పద్ధతి.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు చెన్నపురి మనకు దక్కలేదు. రాజధాని తరలినను స్టూడియోలు తరలలేదు. సంగీతము, సినిమా బహుకాలము అచటనే ఉండిపోయినవి. కవిత్వమునకు మాత్రము గృహభారము లేదు. అది ముందుగ హైదరాబాదు చేరినది. 1965 మే నెలలో ఆ నగరమున అర్ధరాత్రివేళ దిగంబరకవులు ఆర్వురు తమ తొలి సంపుటమును వెలువరించిరి. వారు తల్లిదండ్రు లిడిన పేర్లను విడిచి క్రొత్తపేర్లు పెట్టుకొనిరి. ఏ సంపాదకుని ఆమోదమునకును ఎదురుచూడలేదు. ఏ పండితుని అధ్యక్షతను అర్థింపలేదు. ఆ పుస్తకమును ఆవిష్కరించినవాడు ఒక రిక్షా కార్మికుడు.