నిషేధము నుండి రక్షణకు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేటయు, దాని కావల కోదాడయు కలవు. కోదాడ దాటిన కొలదిసేపటికే జగ్గయ్యపేట వచ్చును. 1947లో ఈ రెండూళ్ల నడుమ నిజాము రాజ్యమునకును మద్రాసు రాజధానికిని ఎల్ల ఉండెడిది. ఆ యేడు మద్రాసు శాసనసభ బాలికలను దేవదాసీలుగా అర్పించుటను నిషేధించెను. ఆ చట్టము జగ్గయ్యపేట వరకే చెల్లెను. కోదాడకు గాని, సూర్యాపేట, మిర్యాలగూడలకు గాని రాలేదు.

కోస్తా జిల్లాలలో ఈ ఉద్యమము పాతది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగము మేళములను ఖండించిరి. కళావంతుల కులమున పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మగారు మద్రాసులో శరణాలయము నడపిరి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభలో పోరాడిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారి వంటివారు మాత్రము ఈ నిషేధమును ఎదిరించిరి. తమ కళయు, జీవనమును, గౌరవమును ఒక్కుమ్మడి పోవునని వారి వాదము. ఆ భయమునకు కొంత సమాధానము 1929 నాటి సవరణ చట్టమున లభించినది. దేవాలయ సేవ మానినను ఇనాము భూమి ఆ స్త్రీకే దక్కునట్లు అది ఏర్పాటు చేసెను. వద్దని చెప్పినంత మాత్రమున చాలదు, తినుటకు దారి చూపవలెనని ఆనాటి పెద్దలు గ్రహించిరి.

తరువాతి చట్టములలో ఈ సంగతి మరుగున పడినది. 1956లో పార్లమెంటు చేసిన అనైతిక వ్యాపార నిరోధక చట్టము 1958 మే 1 నుండి మన మూడు పట్టణములకును వర్తించెను. వేశ్యాగృహము నడుపుట, పరుల సంపాదనపై బ్రదుకుట, బహిరంగముగ విటులను పిలుచుట దాని ప్రకారము నేరములు. వయస్సు వచ్చిన స్త్రీ స్వేచ్ఛగా ఈ వృత్తిలో నుండుట నేరము కాదు. కాని ఇద్దరు స్త్రీలు పరస్పర లాభమునకై ఒక యింట వృత్తి సాగించినచో అది వేశ్యాగృహమే యగును. తోడు కోరినచో చట్టభయము. ఒంటరిగ నున్నచో ప్రాణభయము. జోగినీ ఆచారమును నిషేధించు ఆంధ్రప్రదేశ్ చట్టము 1988లో వచ్చెను.

మరియొక దారిని కలకత్తా స్త్రీలు చూపిరి. సోనాగాచిలోని ఈ వృత్తి స్త్రీలు 1995లో ఉషా సహకార సంఘమును స్థాపించి, వడ్డీవ్యాపారుల చేతినుండి బయటపడుటకు పొదుపును, అప్పును తామే నడుపుకొనిరి.

ఆ నగరముననే 1999లో జరిగిన ఒక స్త్రీ హత్యకు సంబంధించిన వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2011లో ప్రజాహిత వ్యాజ్యముగ మార్చెను. 2020లో, మహమ్మారి కాలమున, గుర్తింపు పత్రములు అడుగక రేషను ఇండని ఆజ్ఞాపించెను. 2022 మే 19న మరింత స్పష్టముగ చెప్పెను: వృత్తిలోనున్న స్త్రీని పోలీసులు వేధింపరాదు, ఆమె అత్యాచారమునకు గురియైనచో వెంటనే వైద్యము అందవలెను. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ధ్రువపత్రముతో ఆమె ఆధారు కార్డు పొందవచ్చును. వృత్తిని తెలుపు గుర్తు ఏదియు దానిపై ఉండరాదు.

స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, న్యాయసహాయము ఉచితము. అందుకు 15100, ఆరోగ్య సలహాకు 1097, ఆపదలో 112, మహిళా సహాయమునకు 181 ఫోను సంఖ్యలు కలవు.

1947లో చట్టము కోదాడ ఎల్లయొద్ద ఆగినది. నేటి ఆజ్ఞకు అట్టి ఎల్ల లేదు. అది ఆగునేని ఠాణాలోనో, రేషను దుకాణమునందో, ఇల్లు అద్దెకిచ్చువారి వాకిటనో ఆగును. అచ్చట దానిని నడిపింపవలసినవారు మనవంటి గృహస్థులే.