కోడ్ లిస్టింగుల్లో అక్షరాల ఎడం

అచ్చు పుస్తకాల్లో ప్రోగ్రాములను టైపు మిషను అక్షరాలతో చూపడం పాత అలవాటు. మీట నొక్కిన ప్రతిసారీ మిషను బండి ఒకే దూరం జరుగుతుంది కాబట్టి, సన్నని ఐ అయినా లావుపాటి డబ్ల్యూ అయినా ఒకే వెడల్పు గడిలో ఇమడాలి. 1950ల్లో ఐబీఎం కోసం హోవార్డ్ కెట్లర్ గీసిన కొరియర్ ఆ లెక్కకు పుట్టినదే. దాని కంప్యూటర్ రూపంలో గడి వెడల్పు ఫాంటు సైజులో 0.6 వంతు. డొనాల్డ్ నూత్ టెక్ అనే తన అక్షరకూర్పు వ్యవస్థ కోసం చేసిన టైప్‌రైటర్ ఫాంటుది 0.525 వంతే. కార్‌స్టెన్ హైంజ్ 1996లో మొదలుపెట్టిన, టెక్‌లో కోడ్ కూర్చే ‘లిస్టింగ్స్’ ప్యాకేజీ ఫాంటును అడగకుండానే గడిని 0.6గా అనుకుంటుంది. ఆ గడిలో నూత్ అక్షరాలు పెడితే, 10 పాయింట్ల సైజులో ఒక్కోదానికి కనీసం ముప్పావు పాయింటు ఖాళీ మిగులుతుంది. 80 అక్షరాల వరుసకు అది రెండు సెంటీమీటర్ల పైమాటే. ఎడం ఎక్కువైతే చదవడం సులువు కదా అనవచ్చు. కానీ పదం లోపలి ఖాళీ పెరిగేకొద్దీ పదాల మధ్య ఖాళీ తేలిపోతుంది, పేరు విడివిడి అక్షరాలుగా చెదురుతుంది. చాలామంది చేసేట్టు సైజు తగ్గించినా నిష్పత్తి మారదు. దిద్దవలసింది గడిని: ప్యాకేజీలోని ‘బేస్‌విడ్త్’ విలువను అక్షరం అసలు వెడల్పుకు సమానం చేస్తే చాలు.

తెలుగు దగ్గర ఈ మందు పారదు, ఎందుకంటే ఇక్కడ గడి అంటే ఏమిటో తేలదు. నెల్లూరు తీరంలోని రెండు ఊళ్లనే తీసుకుందాం. ముత్తుకూరు, కృష్ణపట్నం రెండూ కంటికి నాలుగేసి అక్షరాలు, యూనికోడ్‌లో పదేసి సంకేతాలు. అయినా టెర్మినళ్ల కోసం మార్కస్ కూన్ రాసిన వెడల్పు లెక్కలో మొదటిది 9 గడులు, రెండోది 8. కొమ్ములకూ సున్నకూ ఆ లెక్క చోటిస్తుంది, పొల్లుకు ఇవ్వదు. అలాంటప్పుడు సమాన వెడల్పు తెలుగు ఫాంటే చేస్తే పోలేదా? చేయవచ్చు. కానీ ‘ర’కూ ‘స్త్రీ’కీ ఒకే గడి ఇస్తే ఒకటి వదులు, ఒకటి ఇరుకు. పైగా కోడ్‌లో నిలువు వరుస ప్రాణం ఇండెంటేషన్‌లో ఉంటుంది. 1991లో వచ్చిన పైథాన్‌కైతే అదే వ్యాకరణం. తెలుగు ఎక్కువగా వచ్చేది వాక్యం చివరి వ్యాఖ్యల్లో, అక్కడ గడి తప్పినా ప్రోగ్రాముకు నష్టం లేదు. అందుకే గడుల కట్టుబాటు ఆంగ్ల సంకేతాలకు ఉంచి, వ్యాఖ్యలను లిస్టింగ్స్‌లోని ‘ఎస్కేప్’ ద్వారా బయటికి తీసి మామూలు తెలుగు ఫాంటులో, దాని సహజమైన ఎడంతోనే కూర్చడం మేలు.